లెక్కల్లో అక్షరం - పిల్లల్లో బెదురు ఎందుకు?

ఐదో తరగతి దాకా లెక్కల్లో చురుగ్గా ఉన్న పిల్లలు ఆరు, ఏడు తరగతులకు వచ్చేసరికి ఉన్నట్టుండి వెనకబడిపోవడం చాలా ఇళ్లలో చూస్తూనే ఉంటాం. ఎక్కాలు గడగడా అప్పజెప్పిన పిల్లవాడే పుస్తకంలో అంకెల పక్కన ఎక్స్, వై అనే అక్షరాలు కనబడగానే కలం కింద పెట్టేస్తాడు. "మావాడికి లెక్కలు రావండీ, వాడి బుర్ర అంతే" అని తండ్రి తీర్మానించేస్తాడు. ఆడపిల్ల అయితే ఆ మాత్రం విచారం కూడా చాలామంది పడరు. ఇలా మొదలైన బెదురు ఎనిమిదో తరగతికల్లా గట్టిపడుతుంది. పదో తరగతిలో లెక్కల పరీక్ష దగ్గర చదువు ఆగిపోతుంది. అబ్బాయి మెకానిక్ షెడ్డుకి, అమ్మాయి కుట్టుమిషను దగ్గరికి చేరతారు. కష్టపడి చేసుకునే ఏ పనీ తక్కువది కాదు. కానీ బిడ్డ ఇష్టపడి ఎంచుకున్న పనికీ, తలుపు మూసుకుపోయినందువల్ల దక్కిన పనికీ తేడా ఉందన్నది ప్రతి తల్లీ తండ్రీ ఒప్పుకునే మాటే.

మన పిల్లలకు మరో చిక్కు కూడా ఉంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో చాలాచోట్ల ఇంగ్లీషు. ఒకే సంగతికి మూడు పేర్లు. 'బీజగణితం' అన్నా, 'ఆల్జీబ్రా' అన్నా, 'అల్ జబ్రా' అన్నా ఒకటేనని వారికి చెప్పేవారే కరువు. నిజానికి ఈ విద్యతో మన ఇళ్లకు ఉన్నంత దగ్గరి చుట్టరికం మరెవరికో ఉందని అనుకోనవసరం లేదు.

జబ్ర్ అంటే బలవంతం కాదు

ఉర్దూలో 'జబ్ర్' అనగానే బలవంతం, దౌర్జన్యం అనే అర్థమే స్ఫురిస్తుంది. "పేరులోనే జబర్దస్తీ ఉంది కదా ఉస్తాద్ జీ!" అని పిల్లలు నవ్వుతారు. అరబీలో ఈ మాటకు మరో అర్థం ఉంది. విరిగినదాన్ని అతికించడం, లోటును పూడ్చడం. ఎముక విరిగినప్పుడు కట్టే కట్టును 'జబీరా' అంటారు. వుజూ చేసేటప్పుడు ఆ కట్టుమీద తడిచేత్తో మసహ్ చేయడం గురించి ఫిఖహ్ పుస్తకాలలో చదువుకున్నవారికి ఈ మాట పరిచితమే. స్పెయిన్ దేశంలో ఒకప్పుడు ఎముకలు కట్టే వైద్యుణ్ణి 'అల్జెబ్రిస్తా' అని పిలిచేవారు.

ఈ మాటను గణితంలోకి తెచ్చినవాడు ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ. ఖలీఫా మామూన్ పాలనలో (813-833) బగ్దాదు నగరంలోని బైతుల్ హిక్మాలో పనిచేసిన పండితుడాయన. 820 ప్రాంతంలో 'అల్ జబ్ర్ వల్ ముఖాబలా' గురించి ఆయన రాసిన గ్రంథం పేరులోంచే ఆల్జీబ్రా అన్న మాట పుట్టింది. ఇప్పుడు కంప్యూటర్లవాళ్లు నిత్యం పలికే 'అల్గారిథమ్' అన్న మాట కూడా ఆయన పేరునుంచి వచ్చిందే.

జబ్ర్, ముఖాబలా అనే రెండు పనుల్ని ఆరో తరగతి పిల్లలకు ఖర్జూరాల సంచితో చెప్పవచ్చు. ఒక సంచిలోంచి 5 ఖర్జూరాలు తీస్తే 12 మిగిలాయి. మొదట ఎన్ని ఉన్నాయి? తీసిన ఐదూ తిరిగి వేసి లోటు పూడిస్తే 17. ఇదే జబ్ర్. ఇక తక్కెడలో ఒక పళ్లెంలో రెండు సంచులు, 3 విడి ఖర్జూరాలు; రెండో పళ్లెంలో ఒక సంచి, 11 విడి ఖర్జూరాలు ఉన్నాయనుకోండి. సంచులన్నీ సమానమైనవే, తక్కెడ సరిగ్గా నిలిచింది. రెండు వైపులనుంచీ ఒక్కో సంచి, మూడేసి ఖర్జూరాలు తీసేస్తే ఒకవైపు ఒక సంచి, మరోవైపు 8 ఖర్జూరాలు మిగులుతాయి. ఇది ముఖాబలా, అంటే ఎదురెదురుగా పెట్టి సరిచూడటం. సంచి విప్పకుండానే లోపల ఎన్ని ఉన్నాయో తెలిసిపోయింది. బీజగణితం అంటే ఇంతే.

మాటల తర్వాతే అక్షరం

గమనించవలసిన ముఖ్య విషయం ఒకటుంది. అల్ ఖ్వారిజ్మీ గ్రంథంలో ఎక్స్ లేదు, వై లేదు. తెలియని సంఖ్యను ఆయన 'షై' అన్నాడు, అంటే 'వస్తువు'. లెక్కలన్నీ మాటల్లోనే చెప్పాడు. మన దేశంలో 628 సంవత్సరంలో గ్రంథం రాసిన బ్రహ్మగుప్తుడు తెలియని సంఖ్యలను రంగుల పేర్లతో పిలిచాడు. తెలిసినవాటికీ తెలియనివాటికీ అక్షరాలు వాడే పద్ధతి ఫ్రాన్సు దేశంలో వియెత్ అనే పండితుడు 1591లో ప్రచురించిన పుస్తకంతో స్థిరపడింది. అంటే అల్ ఖ్వారిజ్మీ మాటల నుంచి అక్షరాల దాకా రావడానికి పెద్దపెద్ద పండితులకే ఏడున్నర శతాబ్దాలు పట్టింది. అదే ప్రయాణాన్ని మనం పదకొండేళ్ల పిల్లవాడి చేత ఒక్క పీరియడులో చేయించాలని చూస్తున్నాం. బెదరక ఏం చేస్తాడు?

కనుక పిల్లలకు మొదట వరుస చూపించాలి. ఆ తర్వాత వరుసలోని నియమాన్ని వారి మాటల్లోనే చెప్పించాలి. అక్షరం అన్నిటికంటే చివర రావాలి. అది కూడా, మాటల్లో చెప్పడం చాలా పొడుగవుతోంది, క్లుప్తంగా రాసుకుందాం అని పిల్లలకే అనిపించినప్పుడు రావాలి.

పట్టిసీమ పంపులు చెప్పే పాఠం

ఇందుకు దూరం వెళ్లనక్కరలేదు. మన గోదావరి జిల్లాల పిల్లలకు పట్టిసీమ తెలియనిది కాదు. నది మధ్య లంకమీది గుడితో, పాపికొండలకు వెళ్లే పడవలతో ప్రసిద్ధికెక్కిన ఈ ఊరు 2015 తర్వాత ఎత్తిపోతల పథకంతో కూడా పేరు పొందింది. ఇక్కడ 24 పంపులు ఉన్నాయి. అన్నీ నడిస్తే సెకనుకు 240 ఘనపు మీటర్ల గోదావరి నీరు పోలవరం కుడి కాలువలో పడి కృష్ణ వైపు సాగిపోతుంది. అంటే ఒక్కో పంపు వాటా 10 ఘనపు మీటర్లు.

పిల్లల్ని అడగండి. రెండు పంపులు నడిస్తే ఎంత? 20. ఏడు నడిస్తే? 70. "ఎన్ని నడిస్తే అన్ని పదులండీ మాస్టారూ" అని ఎవరో ఒకరు తప్పక అంటారు. ఆ మాటే నియమం. పంపుల సంఖ్యను 'న' అనుకుంటే నీరు 10×న. ఇక్కడ 'న' అనేది ఒక్క సంఖ్య కాదు, 1 నుంచి 24 వరకు ఏదైనా కావచ్చు. ఇప్పుడు ప్రశ్నను తిప్పండి. కాలువలో సెకనుకు 170 ఘనపు మీటర్ల నీరు పడుతోంది, ఎన్ని పంపులు నడుస్తున్నట్టు? ఇక్కడ 'న' కచ్చితంగా 17. అంటే అక్షరం ఒకచోట మారుతూ ఉండే సంఖ్య, మరోచోట దాగి ఉన్న సంఖ్య. పిల్లలు తికమకపడేది సరిగ్గా ఇక్కడే. ఈ రెండు పనుల్నీ విడివిడిగా చూపిస్తే సగం బెదురు పోతుంది.

కొంచెం పెద్ద పిల్లలకు సమయాన్ని కూడా కలపండి. గంటకు 3,600 సెకన్లు కనుక ఒక్క పంపు గంటకు 36,000 ఘనపు మీటర్ల నీరు ఎత్తిపోస్తుంది. 'న' పంపులు 'గ' గంటలు నడిస్తే 36,000×న×గ. మొత్తం 24 పంపులూ 24 గంటలు నడిస్తే 2 కోట్ల 7 లక్షల 36 వేల ఘనపు మీటర్లు. అంత పెద్ద సంగతి ఇంత చిన్న వరుసలో ఇమిడిపోవడం చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు. భూములు కొలవడం, కాలువలు తవ్వడం వంటి పనుల్లో జనానికి ఉపయోగపడాలనే తన గ్రంథం రాశానని అల్ ఖ్వారిజ్మీ ముందుమాటలో చెప్పుకున్నాడు. ఆ విధంగా కాలువ ఒడ్డున నిలబడి బీజగణితం నేర్చుకోవడం కొత్తేమీ కాదు.

దస్తర్ఖాన్ చుట్టూ ఎందరు?

పంపుల లెక్క సులువు. పంపులు రెట్టింపైతే నీరు రెట్టింపు. ఈ సులువు చూసి ప్రతిచోటా రెట్టింపు చేసేయడం పిల్లల అలవాటు. దాన్ని సరిదిద్దడానికి వలీమా విందు మంచి ఉదాహరణ.

ఒక దస్తర్ఖాన్ పరిచాం. రెండు పక్కలా ముగ్గురేసి, రెండు కొసల్లో ఒక్కొక్కరు కూర్చుంటే ఎనిమిది మంది. దాని కొసకు మరో దస్తర్ఖాన్ చేర్చి పరిస్తే ఎందరు కూర్చుంటారు? తరగతిలో సగం చేతులు వెంటనే లేస్తాయి. "పదహారు!" అప్పుడు తప్పని కసరకుండా ఒక గుడ్డ పరిచి కూర్చోబెట్టి చూపించండి. రెండూ కలిసినచోట కొసలు మాయమవుతాయి. కూర్చునేది పద్నాలుగు మందే. మూడు కలిపితే ఇరవై. నాలుగు కలిపితే ఇరవై ఆరు.

ఇప్పుడు యాభై దస్తర్ఖాన్లకు ఎందరు? అన్నీ పరిచి చూడలేం. నియమం కావాలి. ఒక అమ్మాయి అంటుంది, "ప్రతి గుడ్డకూ పక్కల్లో ఆరుగురు, మొత్తం మీద కొసల్లో ఇద్దరు." అంటే 6×న + 2. ఒక అబ్బాయి అంటాడు, "మొదటి గుడ్డకు ఎనిమిది, తర్వాత చేరే ప్రతి గుడ్డకూ ఆరు." అంటే 8 + 6×(న-1). మరొకడు అంటాడు, "అన్నిటికీ ఎనిమిదేసి వేసుకుని, అతికిన ప్రతిచోటా ఇద్దర్ని తీసెయ్యాలి." అంటే 8×న - 2×(న-1). ముగ్గురూ లెక్క వేస్తే యాభైకి 302 మందే వస్తారు. మూడు దారులు, ఒకటే గమ్యం. ఈ మూడు నియమాలూ ఒకటే ఎందుకయ్యాయో పిల్లల చేతనే చెప్పించడం ఉపాధ్యాయుడి నేర్పు. బ్రాకెట్లు విప్పడం, ఒకే జాతి పదాలు కలపడం అంటూ ఏడో తరగతిలో కంఠస్థం చేయించే సూత్రాలన్నీ ఈ ఒక్క విందులోంచి పుట్టుకొస్తాయి.

శుక్రవారాల లెక్క

ఇంట్లో ఆడించదగిన ఆట మరొకటి. క్యాలెండరులో ఒకే నెలలో వరుసగా వచ్చే ఏవైనా మూడు శుక్రవారాల తేదీలు మనసులో అనుకుని, వాటి మొత్తం మాత్రం చెప్పమనండి. "36 అబ్బా" అంటుంది కూతురు. "అయితే 5, 12, 19 కదా బేటీ" అని మీరు వెంటనే చెప్పవచ్చు. మొత్తాన్ని మూడుతో భాగిస్తే నడిమి శుక్రవారం వస్తుంది. దానికి ఏడు తీస్తే ముందుది, ఏడు కలిపితే తర్వాతది. ఎలా తెలిసిందో కూతుర్నే కనిపెట్టమనండి. నడిమి తేదీ 'త' అయితే మిగిలినవి త-7, త+7. మూడూ కలిపితే తీసిన ఏడూ కలిపిన ఏడూ చెల్లిపోయి 3×త మిగులుతుంది.

ఇలాంటిదే రకాతుల లెక్క. రోజుకు ఫర్జ్ రకాతులు 2, 4, 4, 3, 4, మొత్తం 17. వారానికి 119. అయితే మసీదులో జుమా చదివే అబ్బాయికి ఆ రోజు జొహర్ నాలుగు రకాతుల స్థానంలో జుమా రెండే కనుక అతని మొత్తం 117. ఇంట్లో జొహర్ చదివే అక్కకు 119. 'వ' వారాలకు ఎంతెంత అవుతుంది, ఇద్దరికీ తేడా ఎంత అని అడిగితే చాలు, భోజనాల దగ్గర కూర్చున్నంతసేపట్లో ఒక పాఠం అయిపోతుంది.

వరుస తప్పే చోటు

వరుస చూసి నియమం చెప్పడం ఎంత అవసరమో, ఆ నియమం ఎంతవరకు చెల్లుతుందో అడగడం అంతకంటే అవసరం. దీనికి జకాత్ అధ్యాయమే చక్కటి ఉదాహరణ.

నిసాబుకు చేరి ఏడాది నిలిచిన వెండి, బంగారం, నగదుపై జకాత్ నలభైలో ఒక వంతు. 40,000కు 1,000. లక్షకు 2,500. సొమ్ము 'స' అయితే జకాత్ స÷40. ఇక్కడ కూడా ఒక షరతు ఉంది చూడండి. నిసాబు కంటే తక్కువ సొమ్ముకు ఈ సూత్రం వర్తించదు. సూత్రంతోపాటు అది ఎక్కడినుంచి మొదలవుతుందో కూడా చెప్పాలి.

ఒంటెల జకాత్ మరీ ఆసక్తికరం. 5 ఒంటెలకు ఒక మేక, 10కి రెండు, 15కి మూడు, 20కి నాలుగు. మరి 25 ఒంటెలకు? ఏ పిల్లవాణ్ణి అడిగినా "ఐదు మేకలు" అంటాడు. కాదు. ఇరవై ఐదు దగ్గర నియమమే మారిపోతుంది. మేకల లెక్క ఆగి, ఏడాది నిండిన ఆడ ఒంటె పిల్ల ఒకటి ఇవ్వాలి. నాలుగుసార్లు ఒకేలా నడిచిందని ఐదోసారి కూడా అలాగే నడవాలన్న హామీ లేదని పిల్లలకు దీనితో బోధపడుతుంది. దస్తర్ఖాన్ లెక్కలో యాభైకి 302 అని ధైర్యంగా చెప్పగలిగామంటే, నాలుగు సంఖ్యలు చూసి ఊహించినందువల్ల కాదు. గుడ్డ గుడ్డకూ ఆరుగురు ఎందుకు పెరుగుతారో మన కళ్లకు తెలిసినందువల్ల. 'ఎందుకు' తెలియని వరుసను నమ్మకూడదు. లెక్కల్లోనే కాదు, సంవత్సరానికి రెట్టింపు చేస్తామని ఊరిస్తూ వచ్చే చీటీల విషయంలో కూడా ఈ పాఠం అక్కరకొస్తుంది.

తన వాటా తానే తేల్చుకునే బిడ్డ

అల్ ఖ్వారిజ్మీ గ్రంథంలో పెద్ద భాగం వారసత్వం, వసియ్యత్ లెక్కలకే కేటాయించబడింది. వాటాలు తేల్చడం అంటే తెలియని సంఖ్యను తేల్చడమే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకాయన మరణించాడు. తల్లిదండ్రులు అంతకుముందే పోయారు. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. ఖర్చులు, అప్పులు, వసియ్యత్ తీరాక 3,20,000 రూపాయలు మిగిలింది. సంతానం ఉంది కనుక భార్యకు ఎనిమిదో వంతు, 40,000. మిగిలిన 2,80,000లో కొడుకు వాటా కూతురి వాటాకు రెట్టింపు. కూతురి వాటా 'క' అనుకుంటే కొడుక్కి 2×క, ఇద్దరు కూతుళ్లకూ కలిపి 2×క, మొత్తం 4×క. నాలుగు వాటాలు 2,80,000 అయితే ఒక్క వాటా 70,000. కొడుక్కి 1,40,000. తిరిగి కలిపి చూసుకుంటే 3,20,000 సరిపోతుంది. కొడుకులు, కూతుళ్లు ఎందరున్నా భాగాల సంఖ్య కొడుకుల సంఖ్యకు రెట్టింపు చేసి కూతుళ్ల సంఖ్య కలిపినంత. ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు ఉంటే ఎనిమిది భాగాలు.

ఈ లెక్క ఏడో తరగతి ఆడపిల్ల చేయగలిగినదే. కానీ ఎన్ని ఇళ్లలో ఆడబిడ్డ వాటా "తర్వాత చూద్దాంలే" అనే మాటతో సరిపెట్టబడుతోందో మనకు తెలియనిది కాదు. తన వాటా ఎంతో తానే కాగితంమీద తేల్చి చూపగలిగిన బిడ్డను ఏమార్చడం అంత తేలిక కాదు. ఆడపిల్లకు లెక్కలెందుకు అని అడిగేవారికి ఈ ఒక్క జవాబు చాలు.

పరాయి విద్య కాదు

ఇది మదర్సా చదువుకు సంబంధం లేని విద్య అని కొందరు అనుకుంటారు. దర్సె నిజామీ పాఠ్యక్రమంలో బహావుద్దీన్ ఆమిలీ రాసిన 'ఖులాసతుల్ హిసాబ్' ఒక పాఠ్యగ్రంథంగా ఉండేది. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలో రాసిన 'బీజగణితం' గ్రంథాన్ని షాజహాన్ కాలంలో, 1634-35లో, అతావుల్లా రుష్దీ ఫార్సీలోకి అనువదించాడు. ఈయన తాజ్ మహల్ నిర్మాణ శిల్పి ఉస్తాద్ అహ్మద్ లాహోరీ కుమారుడు.

తెలుగుగడ్డ సంగతి చూసినా ఇంతే. అల్ ఖ్వారిజ్మీ జీవించిన తొమ్మిదో శతాబ్దంలోనే మహావీరాచార్యుడు అనే జైన పండితుడు సంస్కృతంలో గణిత గ్రంథం రాశాడు. దాన్ని తర్వాతి కాలంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఒక విద్య బగ్దాదులో అరబీ, ఉజ్జయినిలో సంస్కృతం, ఢిల్లీలో ఫార్సీ, వేంగిలో తెలుగు మాట్లాడింది. మన పిల్లవాడు ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష మాట్లాడటం దానికి అడ్డంకి కానేకాదు.

తల్లిదండ్రులు చేయవలసింది

జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 2024లో తెచ్చిన ఆరో తరగతి గణిత పుస్తకంలో మొదటి పాఠమే సంఖ్యలలో, ఆకారాలలో వరుసల గురించి. ఇది మంచి మార్పు. కానీ పుస్తకం మారినంత మాత్రాన సరిపోదు. ఇంట్లో కూడా కొన్ని అలవాట్లు రావాలి.

మొదటిది, పిల్లలు నియమాన్ని ఏ భాషలో చెప్పినా చెప్పనివ్వండి. "హర్ బార్ ఛే బఢ్ తే" అన్నా సరే, "ఆరేసి పెరుగుతున్నాయి" అన్నా సరే. ఆలోచన కుదిరాక దాన్ని పుస్తకం భాషలోకి మార్చడం పెద్ద పని కాదు.

రెండోది, జవాబు కంటే "ఎలా తెలిసింది?" అన్న ప్రశ్నకు ఎక్కువ విలువ ఇవ్వండి. తప్పు జవాబు వెనక కూడా ఒక ఆలోచన ఉంటుంది. పదహారు అన్న పిల్లవాడు తెలివితక్కువవాడు కాదు, కొసలు చూడనివాడు మాత్రమే.

మూడోది, తల్లి చదువుకోలేదని వెనకాడవద్దు. నలుగురికి పట్టే బియ్యం పది మందికి ఎంత కావాలో, ఎసరు ఎంత పెట్టాలో రోజూ తేల్చే తల్లికి నియమం అంటే ఏమిటో తెలుసు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ లెక్క పైకి చెబితే చాలు.

చివరగా, "మావాడికి లెక్కలు రావు" అన్న మాట బిడ్డ ఎదుట అననే వద్దు. ఈ శుక్రవారం జుమా నుంచి వచ్చాక, క్యాలెండరు దించి మూడు శుక్రవారాల ఆట ఆడి చూడండి. వచ్చే వారానికి మీ అబ్బాయో అమ్మాయో ఇన్షా అల్లాహ్ మీకే కొత్త లెక్క వేస్తారు.